గడప చెక్క

కూల్చిన ఇళ్ల టేకుతో బల్లలు, తలుపులు చేయించడం నా వృత్తి. దూలాలైనా, ద్వారబంధాలైనా కోయిస్తాను. గడప దగ్గరే చేయి ఆగుతుంది. తరాల పసుపు పట్టిన గడపను ఒకాయన మందు బల్లకు అడిగారు, ఇవ్వలేదు. పవిత్రత చెక్కలో ఉందా, బొట్లు పెట్టిన చేతుల్లో ఉందా?

జపాన్‌లోని ఇసే మందిరాన్ని 20 ఏళ్లకోసారి కొత్త హినోకి కలపతో మళ్లీ కడతారు. గత పునర్నిర్మాణం 2013లో జరిగింది. పాత ప్రధాన మందిరాల కప్పు మోసిన స్తంభాలు అక్కడి ఉజి వంతెన రెండు కొసలా తోరణద్వారాలవుతాయి. మరో 20 ఏళ్లకు వేరే ఊళ్లకు వెళ్లి అక్కడా తోరణాలుగానే నిలుస్తాయి. పూరీలో మాత్రం జగన్నాథుని మూర్తులను కొత్తగా చేసే నవకళేబరం తర్వాత పాత దారుమూర్తులను కోయిలి వైకుంఠంలో భూమికి అప్పగిస్తారు. రెండూ భక్తే. నా మనసు ఇసే వైపు: అక్కడ చెక్క ఎన్ని చోట్లకు మారినా ద్వారంగానే ఉంది.

జపాన్‌లోనే సుగి కలప పలకల పైపొరను మంటతో బొగ్గు చేసి గోడలకు బిగిస్తారు. చెదలు, తేమ అంత తొందరగా పట్టవు. చితి గుర్తొస్తుందని మనవాళ్లు కొందరు నల్లచెక్క వద్దంటారు. హోమంలో సమిధను తాకేదీ ఆ అగ్నే కదా!

ఇల్లు పడగొట్టే ముందు గడపను విడిగా తీయించండి. కొత్త ఇంట్లో పూజగది వాకిలికి పెట్టించుకోండి.