సాయంలో మన మాట ఎంత?

2023 జూలై 27 తెల్లవారుజామున మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచేసింది. జనం మిద్దెలెక్కి ప్రాణాలు నిలుపుకున్నారు. మరుసటి ఏడాది సెప్టెంబర్ 1న ఆకేరు వాగు మహబూబాబాద్ జిల్లా మరిపెడ మండలంలోని సీతారాం తండాను ముంచెత్తింది. అదే వానకు కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది.

అలాంటి రోజున అన్నం పొట్లం తెచ్చినవాణ్ని 'నువ్వెవరు, ఈ డబ్బు ఎక్కడిది' అని అడగం. అడగకూడదు కూడా. మునిగినవాడు చేయి అందుకోవడంలో తప్పు లేదు. కడుపు నిండినవాళ్లు దూరాన కూర్చుని 'కంపెనీ సొమ్ము ముట్టుకోవద్దు' అని చెప్పడం తేలిక. మేము ఆ మాట చెప్పడానికి ఇది రాయడం లేదు.

మా ప్రశ్న నీళ్లు తీసిన తర్వాతి రోజులది. వరద, జ్వరాలు, తాగునీరు, బడి, ఇల్లు వంటి పనులకు ఈమధ్య ప్రైవేటు కంపెనీల డబ్బు వస్తోంది. దాన్ని 'భాగస్వామ్యం' అంటున్నారు. కష్టం మనది, డబ్బు వాళ్లది. మరి నిర్ణయం ఎవరిది?

ముందుగా ఆ డబ్బు సంగతి తెలుసుకోవాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. అంటే సభలో చప్పట్లు కొట్టించుకునే సొమ్ములో చాలా భాగం చట్టం పెట్టమన్నదే. బొగ్గు, ఇతర ఖనిజాలు తవ్వే చోట ఇంకొక నిధి ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధిని పెట్టారు. గని నడిపేవారు రాయల్టీకి అదనంగా అందులో కట్టాలి. తవ్వకాల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసమే ఆ నిధి. భూపాలపల్లి బొగ్గు జిల్లా కాబట్టి అక్కడి యువకులకు ఇది తెలిసి ఉండాలి. అంతకు ముందే 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని చెప్పింది. అక్కడ తవ్వే సంస్థ లాభంలో కనీసం 20 శాతాన్ని ఆ ప్రాంతపు నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా చెప్పింది.

దీన్నిబట్టి తేలేది ఒకటే. అన్ని డబ్బులూ ఒకటి కావు. కొంత దయ, కొంత బాధ్యత, కొంత బాకీ. బాకీ తీర్చేవాడికి దండ వేసి దండం పెడితే, రేపు మన పిల్లలు హక్కును కూడా దానమే అనుకుంటారు. అది డబ్బు నష్టం కంటే పెద్ద నష్టం.

ఇక కొత్త పద్ధతుల సంగతి. 2017లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ ఆఫ్రికాలోని మాలి, నైజీరియా, కాంగోలలో నడవలేనివారికి చికిత్సా కేంద్రాలు కట్టడానికి ప్రైవేటు పెట్టుబడి తెచ్చింది. ఐదేళ్ల తర్వాత ఫలితం కొలిచి, దాన్నిబట్టి కొన్ని ప్రభుత్వాలు, ఒక దాతృత్వ సంస్థ ఆ పెట్టుబడిని తిరిగి చెల్లించాలన్నది ఏర్పాటు. మన రాష్ట్రంలోనూ 2021 సెప్టెంబర్‌లో వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు, టీకాలు పంపే ప్రయోగం మొదలైంది. అందులో ప్రభుత్వంతో పాటు ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. వాగు దాటలేని గూడేనికి మందు ఎగిరి వస్తుందంటే మనకూ సంతోషమే. వానాకాలంలో గర్భిణిని మంచం మీద మోసుకొచ్చే ఊళ్లకు కొత్త ఆలోచన అవసరం లేదని ఎవరంటారు?

అయితే ప్రయోగం అయిపోయాక కంపెనీకి అనుభవం మిగులుతుంది. ఊరికి ఏం మిగలాలో కూడా ముందే రాసుకోవాలి. ఫలితాన్నిబట్టి డబ్బు అన్నప్పుడు, ఏది ఫలితమో చెప్పేవాడిదే పెత్తనం. లెక్కకు అందేవి కొన్నే. ఎన్ని మందులు పంచారో లెక్క దొరుకుతుంది. ముసలమ్మకు ధైర్యం వచ్చిందా లేదా అన్నదానికి లెక్క దొరకదు.

మాలో కొందరికి తెలిసిన ఒక తండాలో నీళ్లు శుద్ధి చేసే యంత్రం పెట్టారు. ఇచ్చినవారి పేరు రాయం. వారి మనసు మంచిదే కావచ్చు. రెండో ఎండాకాలానికి యంత్రం చెడిపోయింది. ఎవరు బాగు చేయించాలో ఏ కాగితంలోనూ లేదు. ఆడవాళ్లు మళ్లీ బిందెలెత్తుకుని పొలం బోరు దగ్గరికి నడిచారు. గది గోడ మీద దాత పేరు మాత్రం రంగు పోకుండా ఉంది. నివేదికలో అది పూర్తయిన పనే.

తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ప్రారంభోత్సవంలో 'మేము ఇస్తున్నాం, మీరు జాగ్రత్తగా వాడుకోండి' అంటారు. ఆ మాటలోనే మనం బయట ఉన్నాం. భాగస్వామ్యం అంటే ఇద్దరూ కలిసి 'మనం' అనగలగాలి. అలా అనాలంటే వద్దనే హక్కు కూడా మనకు ఉండాలి. వద్దనలేనివాడు పుచ్చుకునేవాడే కానీ భాగస్వామి కాడు.

మన దగ్గర ఇవ్వడానికి ఒక పద్ధతి ఉంది. మేడారంలో మొక్కుకున్నవాళ్లు నిలువెత్తు బంగారం తూచి ఇస్తారు. తన బరువుకు సరిపడా బెల్లం గద్దెకు చేరాక, ఏ ముద్ద ఎవరిదో ఎవరూ అడగరు. అది ప్రసాదమై పదిమంది చేతుల్లో పడుతుంది. బెల్లం మీద పేరు ఉండదు. సమ్మక్క కథలోనూ నీతి ఉంది. కరువులో కప్పం కట్టలేమన్నందుకు యుద్ధం వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆమె దయ అడగలేదు. ఆకలి రోజున కప్పం అడగడం అన్యాయం అంది.

అందుకే సాయం వచ్చినప్పుడు గ్రామసభలో ఐదు ప్రశ్నలు అడుగుదాం. ఇది దానమా, చట్టం ప్రకారం రావలసిందా? ఈ అవసరాన్ని ఎవరు చెప్పారు? చెడిపోతే ఎవరు, ఎన్నేళ్లు బాగుచేస్తారు? ఫలితం ఎవరు కొలుస్తారు, ఆ లెక్క మన ముందు చదువుతారా? ఇది తీసుకున్నందుకు మనం దేని గురించి మాట్లాడకుండా ఉండాలి? చివరి ప్రశ్నను ఎవరూ బయటికి అడగరు. చాలాసార్లు అసలు ధర అదే.

కొత్తగూడ, గంగారం వంటి ఏజెన్సీ మండలాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు బలం ఇచ్చింది. జనగామ తండాలకు పెసా లేదు. కానీ 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు పంచాయతీలయ్యాయి. వాటికీ గ్రామసభ ఉంది. కూర్చుని అడిగేవాళ్లే కావాలి. కంపెనీ బోరు వేసిందని మంచినీళ్ల బాధ్యతను ప్రభుత్వం దులుపుకోకుండా చూడాల్సిందీ ఆ సభే.

ఉపాధ్యాయులకు ఒక మనవి. దాతలు వచ్చిన రోజున పిల్లల్ని ఎండలో వరుసగా నిలబెట్టి పూలు ఇప్పించకండి. వాళ్లలో ఒకరి చేత ఈ ఐదింటిలో ఒక ప్రశ్న అడిగించండి. మంచి మనసుతో వచ్చినవారు దానికి నొచ్చుకోరు, కూర్చుని జవాబు చెబుతారు. నొచ్చుకున్నారంటే, వాళ్లు ఎందుకు వచ్చారో పిల్లలకు ఆ రోజే తెలిసిపోతుంది.