కాలవగట్టున ఇద్దరు

ఉద్యోగ విరమణ తర్వాత మా బాబాయి, పిన్ని జులైలో కోనసీమలో బంధువుల కొబ్బరితోటకి వెళ్లి, కాలవగట్టున డేరా వేసుకుని నాలుగు రోజులు గడిపారు. ఉక్కపోత, మధ్యమధ్య జల్లు. బాబాయికి చిన్ననాటి గాలం సరదా. జీతం రాళ్ల కోసం పరుగెత్తినన్నాళ్లూ ఆ సరదా అటకెక్కింది. ఇన్నాళ్లకి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే బెండు వంక చూశారంటే నాకెంతో సంతోషమేసింది.

కొర్రమీను కోసం బాబాయి కప్పపిల్లను ఎర గుచ్చి తూటాకుల పక్కన వేశారు. ఈ చేప మొప్పలతోనే సరిపెట్టుకోదు, నేరుగా గాలి కూడా పీలుస్తుంది. అందుకే మాటిమాటికీ పైకొస్తుంది. ఆ కదలిక కోసమే ఆయన చూపంతా. పిన్ని కంటికి మాత్రం నీటిపైన గుప్పెడంత ఎర్రటి గుంపు కనిపించింది. ఒక్కసారి మునిగి, మళ్లీ తేలింది.

"ఏవండీ, గాలం తీసెయ్యండి. అవి కొర్రపిల్లలు."

బాబాయి మారు మాట్లాడకుండా తీసేశారు. ఆ గుంపు కింద తల్లీ తండ్రీ రెండూ కాపలా ఉంటాయి. పిల్లల దగ్గరకి ఏదొచ్చినా మీద పడతాయి, గాలానికి తేలిగ్గా చిక్కేదీ అందుకే. పెద్దవి పోతే పిల్లలు మిగతా చేపల పాలే. వానాకాలంలో గాలం పట్టేవాళ్లు ఆ ఎర్రటి గుంపు కనిపిస్తే దయచేసి చోటు మార్చండి.

వాళ్లూ మార్చారు. సాయంత్రానికి జెల్లలు పడ్డాయి. మూడు రాళ్ల పొయ్యి మీద పులుసు పెట్టింది బాబాయే, పెళ్లయ్యాక మొదటిసారి.