వంటపాత్ర దగ్గరి లెక్క

సూడాన్‌లో 2023 ఏప్రిల్ 15న సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అనే పారామిలటరీ దళానికీ మధ్య యుద్ధం మొదలైన కొద్ది రోజులకే సహాయ సంస్థల విదేశీ సిబ్బంది చాలామంది రాజధాని ఖార్టూమ్ ఖాళీ చేసి వెళ్లిపోయారు. పేటల్లో మిగిలింది అక్కడి కుర్రాళ్లూ, అమ్మాయిలే. 2019లో అధ్యక్షుడు బషీర్ గద్దె దిగేదాకా వీధుల్లో ఉద్యమం నడిపిన కమిటీలవాళ్లే ఎందరో ‘ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్’ పేరుతో మళ్లీ కలిశారు. ఇల్లూ వాకిలీ వదిలి బడుల్లో తలదాచుకున్న కుటుంబాలకు పప్పో, ఫూల్ అనే చిక్కుడుగింజల కూరో పెద్ద పాత్రల్లో వండి పెడుతున్నారు. వీళ్ల త్యాగాన్ని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం అంతకన్నా పెద్దదిగా కనిపించేది వీళ్ల ఎరుక. ఏ గదిలో బాలింత ఉందో, ఏ ముసలాయన వరసలో నిలబడలేడో, ఎవరు పస్తులున్నా నోరు తెరిచి అడగరో సర్వే కాగితానికి తెలియదు, పేటవాళ్లకు తెలుసు.

ఆ ఎరుకే పక్షపాతానికీ దారి కాదా అని అడగవచ్చు. అవుతుంది. తెలిసిన ముఖానికి గరిటె నిండుగా పడటం మనిషి స్వభావమే, పైగా ఎక్కడినుంచో వచ్చిన కుటుంబాన్ని ఎరిగినవాళ్లు ఆ ఊళ్లో ఉండరు. అయితే ఈ వాలంటీర్లలో ఎందరో స్వయంగా నిర్వాసితులే కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ల తరఫున అడిగే గొంతు కొంతైనా లోపలే ఉంటుంది. డబ్బు లెక్కల మాటంటారా, ఆడిట్ వద్దనను. కానీ పప్పు పలచబడితే ముందు పసిగట్టేది తినేవాళ్లే.

నాకు అసలు జంకు పుట్టించే అభ్యంతరం వేరే ఉంది: వీళ్లను పొగిడే కొద్దీ ప్రభుత్వాలు చేతులు దులుపుకుంటాయేమో. 2025 మొదట్లో అమెరికా విదేశీ సాయం నిలిపివేయగానే సూడాన్‌లో వెయ్యికి పైగా సామూహిక వంటశాలలు మూతపడ్డాయి. ముట్టడిలో చిక్కిన ఎల్ ఫాషర్ నగరంలో జనం పశువులకు వేసే వేరుశనగ చెక్క తిన్నారు. ఆ ముట్టడిని ఎత్తించడం గరిటె పట్టినవాళ్ల వల్ల అయ్యేదా? అదే ఏడాది ఈ యువతకు రైట్ లైవ్‌లీహుడ్ పురస్కారం, రాఫ్టో బహుమతి వచ్చాయి. పురస్కారాలు సరే, పప్పుకూ వంటచెరకుకూ నిలకడగా డబ్బు రావాలి, పనిచేసేవాళ్లకు భృతి కూడా ఉండాలి. జీతం ముడితే సేవ మైలపడుతుందనేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగి జీతం తీసుకుంటూనే ధాన్యం పంచుతాడు. దాన్ని సేవ కాదని ఎవరూ అనరు.