తితిక్ష ఎవరి ధర్మము?

వరద వచ్చిన మొదటి రాత్రి మానవుడు ధీరుడే. పిల్లలను భుజముల కెత్తుకొని మేడ యెక్కును. పొరుగింటి వృద్ధురాలిని మోసికొని వచ్చును. తెల్లవారునప్పటికి నీరు తగ్గునని తనకు తానే చెప్పుకొనును. తెల్లవారును, నీరు తగ్గదు. నాలుగవనాడును తగ్గదు. అసలు పరీక్ష అప్పుడు మొదలగును.

2024 సెప్టెంబరులో విజయవాడవాసుల కీ పరీక్ష ఎదురైనది. కళింగపట్నమువద్ద తీరము దాటిన వాయుగుండమువలన వర్షములు కుండపోతగా కురిసి, బుడమేరు మళ్లింపు కాలువకు గండ్లు పడి, అజిత్ సింగ్ నగరు, రాజరాజేశ్వరీపేట, పాయకాపురము మున్నగు పేటలు మునిగినవి. ఆ కాలువ నీరు కృష్ణలో కలియవలెను. కాని కృష్ణయే ప్రకాశము బ్యారేజీకడ 11 లక్షల క్యూసెక్కులు దాటి, 1957లో బ్యారేజీ ఏర్పడిన నాటినుండి ఎన్నడును ఎరుగనంతగా పొంగియుండెను. సైనికులు వచ్చి చేయివేసినను మూడవ గండి సెప్టెంబరు 7 నాటికి గాని పూడలేదు. ముంపు బాధ తీరకమునుపే 9వ తేదీన మరియొక వాయుగుండము పూరీవద్ద తీరము దాటి ఒరిస్సామీదుగా ఛత్తీస్‌గఢమువైపు సాగినది.

ఆ ఛత్తీస్‌గఢమునందలి రాయపూరులో నివసించు తెలుగువారికి ఈ వార్తలు పరాయివి కావు. 1877లో బాలుడైన నరేంద్రుడు వచ్చి కొంతకాలముండిన ఆ నగరము చెరువుల నగరము. అచటి బూఢా తాలాబునకు నేడు వివేకానంద సరోవరమని పేరు. కాని పూడిపోయిన చెరువులును కలవు. గట్టివాన కురిసిననాడు నీరు తన పాత చోటినే వెదకికొనుచు వీథులలో నిలుచును. బుడమేటి గర్భమునందును ఇండ్లు లేచినవి గదా! దీనిని దైవకోపమనుటకు నాకు నోరు రాదు.

ఇట్టి దినములలో మనము తేలికగా ఒక మాట పలుకుదుము: “ఓర్చుకొనుడు, అంతయు భగవదిచ్ఛ.” పొడినేలపై నిలిచి పలుకు మాట ఇది. వచ్చిపోవు సుఖదుఃఖములను సహింపవలెనని గీతలో భగవానుడు బోధించినమాట నిజమే. అయితే ఆయన ఎచట నుండి బోధించెనో చూడుడు: అర్జునుని రథముపైనే, రెండు సేనల నడుమ కూర్చుండి! మేడమీది వారికి తీరమునుండి తితిక్షను బోధించుట ఆ బోధకు తగదు.

ప్రతిక్రియకు పూనుకొనక దుఃఖము నోర్చుటయే తితిక్ష యని పెద్దలు చెప్పుదురు. అట్లైన నీరు తోడవలదా యని ఒక భక్తుడు న న్నడిగెను. తన దుఃఖము నోర్చుటను గూర్చిన మాట అది. ఇతరుల దుఃఖమును చూచుచు ఊరకుండుమని శాస్త్ర మెచటను చెప్పలేదు. తాగునీరు లేక, దీపము లేక, మందులు తడిసిపోయి యెనిమిది దినములు గడపిన యిల్లాలు పొట్లము తెచ్చిన యువకుని కసరినచో, ఆ కసరును మౌనముగా స్వీకరించుటయే ఆ యువకుని తితిక్ష. ఆమెకు బోధ యక్కరలేదు.

నీరు తగ్గినపిమ్మట విజయవాడలో అగ్నిమాపక శకటములతో ఇండ్లలోని బురద కడుగవలసి వచ్చినది. పులిహోర పొట్లములు మొదటి మూడు దినములకు చాలును. పదునైదవనాడు ఆ యింటికి కావలసినవి ఎండిన పరుపు, వెలుగు పొయ్యి, చీపురు పట్టు రెండు చేతులు, నానిపోయిన పత్రములకై అర్జీ వ్రాసిపెట్టు మనిషి. పొట్లములు పంచినవారిలో పెక్కుమంది అప్పటికి తమ యిండ్లు చేరియుందురు.