కత్తి పట్టిన చేతికి

నాయనలారా, పావగడ కోటలోనూ నిడుగల్లు దుర్గం మీదనూ ఒకనాడు కత్తి పట్టినవారు ప్రాణం తీయడానికి పట్టారు. మీ ఊరు తిరుమణిలో మీరు పట్టేది ఆటకు. అంతమాత్రాన బాధ్యత తగ్గిందనుకోకండి, హెచ్చింది. ఎదుట నిలిచినవాడు శత్రువైతే తన ప్రాణం తానే చూసుకుంటాడు. జోడుకు నిలిచినవాడు మిమ్మల్ని నమ్మి ఒళ్ళు అప్పగించాడు.

మన కర్రసాముతో పాటు ఐరోపావారి రెండుచేతుల కత్తి, లాంగ్‌స్వార్డ్, నేర్వాలని మనసైతే నేర్వండి. విద్యకు పొలిమేరలు లేవు. కాని సాధన కత్తి మొద్దుదని మోసపోవద్దు. అంచుకు పదును ఉండదు, మొన గుండ్రం, పొడిస్తే అలుగు వంగుతుంది, నిజమే. అయినా కిలోన్నర దాకా తూగే ఉక్కు రెండు చేతుల వేగంతో దిగితే పలుచని తొడుగులోని వేలు నిలవదు. తేలిక కత్తుల పోటీకని చేసిన జల్లెడ ముసుగు ముఖాన్ని కాస్తుంది, తల వెనుక భాగాన్ని ఎరగదు. అక్కడ వేరే కప్పు, గొంతుకు గట్టి పట్టీ, వేళ్ళకు దళసరి తొడుగులు తప్పవు. ఆటకు ముందు అంచు పొడుగునా నూలుగుడ్డతో మెల్లగా తుడవండి. పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ ఉక్కు లేచి ఉన్నట్టు. ఆకురాయితో అరగదీసిన తరువాతే బరిలోకి రండి.

ఇన్ని జాగ్రత్తలు ఎందుకంటారా? వ్లాదిమీర్ స్మిర్నోవ్ 1980 మాస్కో ఒలింపిక్స్‌లో ఫాయిల్ కత్తి ఆటకు స్వర్ణం గెలిచినవాడు. 1982 జూలైలో రోమ్‌లో, ప్రపంచ పోటీలలో, పశ్చిమ జర్మనీ ఆటగాడు మథియాస్ బేర్ అలుగు విరిగి, ఆ ముక్క ముసుగు జల్లెడను చీల్చుకుని స్మిర్నోవ్ కంటిగుండా మెదడులోకి దిగింది. కొన్ని రోజులకే ఆయన కన్నుమూశాడు. ముసుగులకు, అలుగులకు, దుస్తులకు కఠిన నియమాలు వచ్చింది ఆ చావు తరువాతనే. బేర్ తప్పు చేయలేదు, ఆ భారం మాత్రం ఏళ్ళ తరబడి మోశాడు.

ఇక మీ ఊరి ఎండ. వాన తక్కువ, ఎండ ఎక్కువ అనే కదా మీ చుట్టూ పదమూడు వేల ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర పార్కు వెలిసింది! చలిదేశంవారు ఈ ఆటకు కుట్టుకున్న దూది కోటు ఆ ఎండలో తొడిగితే పావుగంటకే కళ్ళు తిరుగుతాయి. ఉక్కపోతకు ముసుగెత్తి గాలి పీల్చుకునే క్షణాన పక్క జోడు కత్తి ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? వేడికి కోటు విప్పకండి, ఆటను కుదించండి. తెల్లవారుజామునే మొదలుపెట్టి, పొద్దెక్కేలోగా ముగించండి.

తొడుగులన్నీ కొనుక్కోవచ్చు. కొనలేనిది ఒకటుంది. దెబ్బ తగిలినప్పుడు “తగిలింది” అని తగిలించుకున్నవాడే నోరు విప్పి చెప్పాలి. వాడు దాచితే కొట్టినవాడు మరుసటి దెబ్బ గట్టిగా వేస్తాడు, అవతలివాడు అంతకంటె గట్టిగా. చేతులు విరిగే ఆటలు చాలావరకు ఈ చిన్న అబద్ధంతోనే మొదలవుతాయి. 1570లో స్ట్రాస్‌బర్గ్‌లో అచ్చయిన యోఆఖిమ్ మేయర్ కత్తిసాము గ్రంథంలో, సాటి జర్మనుల మధ్య పొడుపు మానుకున్నామన్న మాట ఉంది. తోటివాడి కోసం ఒక దెబ్బను వదులుకోవడం వారికి చిన్నతనం అనిపించలేదు.

ఆదిపర్వంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన తలచుకోండి. భీమదుర్యోధనులు గదలతో తలపడ్డారు. చూసేవారు రెండు పక్షాలై కేకలు వేస్తున్నారు. ప్రదర్శన పోరు పగగా మారడం ద్రోణుడు కనిపెట్టాడు. ఎవరు గెలుస్తారో చూద్దామని ఆగలేదు. కొడుకును పంపి ఇద్దరినీ విడదీయించాడు. అంత సభలో, రాజకుమారుల ఆటను ఆపించిన ఆ గురువు ధైర్యం ఇవాళ ఎందరు వస్తాదులకు ఉంది? సెల్‌ఫోన్లలో వీడియో తీసేవారు చుట్టూ మూగితే మరీ కష్టం.

కనుక మీ బరిలో “ఆగు” అనే హక్కు అందరికీ ఇవ్వండి, నిన్న చేరిన పిల్లకైనా. ఆ మాట వినబడగానే కత్తి ఎక్కడున్నదో అక్కడే దిగాలి. దిగని చేతిలోనుంచి ఆ పూటకు కత్తి తీసేసుకోండి. వాడు వస్తాదు కొడుకైనా సరే.