పేరు కోసం ఒక ప్రాణం

కిందటి వానాకాలం మా ఆశ్రమ పాఠశాల ఆవరణలో రెండు గుంజల మధ్య తెల్లపంచె కట్టి, ముందు బల్బు వెలిగించాం. గంటలోపే పంచె నిండా పురుగులు. పిల్లలు సీతాకోకలన్నారు. మీసాలు చూడమన్నాను. సీతాకోక మీసం చివర చిన్న గుండు ఉంటుంది. వీటి మీసం ఈకలాగానో దారంలాగానో ఉంది. ఇవి శలభాలు. మన దేశంలో సీతాకోకలు 1,300 రకాల పైచిలుకైతే శలభాలు 10,000 దాటాయి.

పెద్దవాటి పేరు ఫొటో చూసి చెప్పొచ్చు. మట్టిరంగు చిన్నవాటితోనే చిక్కు. కొన్నిటి పొట్ట చివర కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప ఏ జాతో తేలదు. ఈ మాట చెప్పగానే తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది: "పేరు కోసం చంపుతారా సార్?"

వెంటనే జవాబు రాలేదు. మాది దసలి పట్టు పెంచిన ఇల్లు. నల్లమద్ది చెట్ల మీద పురుగుల్ని మేపి, కాకులు, చీమల నుంచి కాపలా కాసి, కాయలు అమ్మాం. దారం తెగకుండా రావాలంటే లోపలి ప్రాణి రెక్కలొచ్చి బయటపడకముందే ఆవిరికి చావాలి. పొట్ట కోసం చంపినప్పుడు రాని జాలి ఇప్పుడెందుకు? రావాలనే అంటాను, కానీ రెండింటినీ ఒకే తక్కెడలో వేసి చూడాలి. మా తాత ప్రతి పంటలో మంచి కాయలు విత్తనానికి విడిచేవాడు. అది దయ కాదు, వచ్చే పంట మీద ఆశ. అయినా అందులో ఒక హద్దుంది. ఆ కాయలోంచి వచ్చిన శలభం తిండే తినదు. కొద్దిరోజులు బతికి, గుడ్లు పెట్టి పోతుంది.

పేరు సంగతీ ఉంది. జంతువుల శాస్త్రనామాల లెక్క 1758 నుంచి మొదలు, అదీ అచ్చులో పడినవాటికే. హాంప్సన్ 1892 నుంచి 1896 దాకా నాలుగు సంపుటాల్లో ఇక్కడి శలభాలను వర్ణించాడు. గొప్ప పనే. అయితే కొత్త జాతి అంటే అచ్చుకు కొత్త, అడవికి కాదు. ఏ పురుగు ఏ చెట్టు మేస్తుందో ముందే తెలిసినవాళ్లు గూడెంలో ఉన్నారు.

మర్నాడు ఆ పిల్లకు చెప్పాను. ఫొటోతో తేలేదాన్ని ముట్టుకోం. తేలనిదాన్ని ఒక్కదాన్నే, అదీ చూసి చెప్పగల నిపుణుడు దొరికినప్పుడే. చీటీ మీద ఊరు, తేదీ, చెట్టు, చూపించిన మనిషి పేరు ఉండాలి. చీటీ లేకుండా చంపడం ఊరికే చంపడమే.

ఆమె పూర్తిగా ఒప్పుకోలేదు. "ఆ ఒక్కటీ గుడ్లున్న ఆడదైతే?" అంది. ఆ ప్రశ్న మా నోటుబుక్కు మొదటి పేజీలో రాసి, కింద జాగా వదిలాం.