అటకమీది సామాను



క్రిస్మసు ముందు ఇంటికి సున్నము కొట్టించడం మన కుటుంబాలలో ఆచారము. ఆ రెండు రోజులూ మన ఇళ్ల సామానంతా వాకిట్లో కనబడుతుంది. ఖాళీ హార్లిక్స్ సీసాలు, మూత పోయిన స్టీలు డబ్బాలు, కాలు విరిగిన కుర్చీ, ఇప్పుడు ఉద్యోగము చేస్తున్న పిల్లల మూడవ తరగతి నోటు పుస్తకాలు, కాలిపోయిన ఇస్త్రీపెట్టె, ఎప్పుడో టీవీ కొన్నప్పుడు వచ్చిన అట్టపెట్టె, సంచులు కుక్కిన సంచి. సున్నము ఆరగానే ఇందులో ముప్పాతిక భాగము మరల అటక ఎక్కుతుంది. "ఎప్పుడైనా పనికొస్తుందిలే" అనే ఒక్క మాట దానికి నిచ్చెన. దుమ్ము దులిపి అదే సామానును అదే చోట పెట్టుకొని, ఇల్లు శుభ్రము చేశామంటున్నాము.

ఇంత చిన్న సంగతికి సంఘ పత్రికలో చోటెందుకని కొందరు అడుగవచ్చు. ఒక సంగతి ఆలోచించండి. మనవారు ఈ జిల్లాకు వచ్చిన తొలిదినములలో ఒక్క గది ఇంట్లో రెండు కుటుంబాలు సర్దుకున్నాయి. ఊరినుండి కొత్తగా ఎవరు దిగినా ముందు వచ్చినవారి ఇంట చాప పరిచారు. ఇప్పుడు మూడు గదుల ఇళ్లున్నవి. అయినా సువార్తికుడు ఒక రాత్రి ఉండవలసి వస్తే లాడ్జిలో గది చూస్తున్నాము. వెనుక గది ఉన్నది గాని అందులో మూటలున్నవి. వృద్ధురాలైన తల్లి మంచము వరండాలోకి వచ్చినది, ఆమె గదిలో సామాను ఉన్నది. మనిషి ఉండవలసిన చోట వస్తువు ఉంటే అది ఇల్లు సర్దుకొనే ప్రశ్న మాత్రమే కాదు, ధర్మాధర్మముల ప్రశ్న అని మా అభిప్రాయము.

అయితే మన పెద్దల విషయములో మొదట న్యాయముగా మాట్లాడాలి. వారు దేనినీ పారవేయకపోవుట లోభము కాదు. 1876 నుండి 1878 వరకు వచ్చిన ధాత కరువులో మదరాసు రాజధాని అంతటిలో మిక్కిలి నలిగిన జిల్లాలలో బళ్లారి ఒకటి. అదే కరువులో ఒంగోలు ప్రాంతమున క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొంత భాగము కాంట్రాక్టు తీసుకొని వేలాదిమందికి కూలి చూపించారు. అన్నము కొరకే వచ్చి చేరారన్న మాట పడకూడదని ఆ పనులు సాగినన్నాళ్లు బాప్తిస్మములు ఆపివేశారు. తరువాత 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ అంకెను మనము వార్షికోత్సవములలో సంతోషముగా చెప్పుకుంటాము గాని, నీటిలో దిగిన వారందరూ ఆకలిని చూసి వచ్చినవారని మరచిపోతాము. గంజినీళ్లు కూడ పారబోయని ఆ అవ్వల చేతులలో పెరిగినవారి చేతులలో మనము పెరిగాము. చిరిగిన చీరను బొంతగా కుట్టి, బొంత చిరిగితే మసిగుడ్డ చేసి, అది కూడ పీలికలైతే దీపములో వత్తి చేసిన ఇల్లాండ్రు వారు. అది దాచుకొనుట కాదు, వాడుకొనుట. వారి అటకమీద పనికిరాని వస్తువు ఉండేది కాదు, ఎందుకనగా పనికిరానిదంటూ వారికి ఏదీ మిగలలేదు.

వలస వచ్చినవారికి మరొక భయము తోడవుతుంది. 1953లో తుంగభద్ర నీరు వదలిన తరువాత కోస్తానుండి రైతులు, వారి వెంట కూలి కుటుంబాలు సిరుగుప్ప, కంప్లి, గంగావతి, సింధనూరు ప్రాంతాలకు వచ్చి క్యాంపులు వేసుకున్నారు. ఒక్క ట్రంకుపెట్టెతో వచ్చినవారికి ఆ పెట్టెలోని ప్రతి వస్తువూ తాము విడిచివచ్చిన ఊరు. ఇక కాగితాల మాట వేరుగా చెప్పాలి. 1953 అక్టోబరు 1వ తేదీన బళ్లారి మైసూరు రాష్ట్రములో చేరినది. ఆలూరు, ఆదోని, రాయదుర్గము ఆంధ్రకు వెళ్లాయి. ఒకే కుటుంబమునకు ఈ ప్రక్కన పహణి, ఆ ప్రక్కన అడంగల్, పెట్టె అడుగున మదరాసు కాలపు దస్తావేజు. స్థానికుడవని రుజువేమిటి అని ఏ ఆఫీసులోనైనా అడిగితే చూపించుటకు పాత టి.సి., పాత రేషను కార్డు. ఇటువంటి చోట బ్రతికినవారు చీటీ ముక్కను పారవేయుటకు జంకితే వారిని చూసి నవ్వకూడదు.

ఇంతవరకు అంగీకరించిన తరువాత అసలు ప్రశ్న మిగిలే ఉన్నది. దాచుట మంచిదా, చెడ్డదా?

ఈ ప్రశ్న వచ్చినప్పుడు మన ప్రసంగీకులు సాధారణముగా లూకా 12వ అధ్యాయములోని ధనవంతుని దగ్గరకు వెళతారు. ఎదుటివారు యోసేపును చూపించి, ఏడేండ్లు ధాన్యము దాచలేదా అంటారు. వాదము అక్కడే ఆగిపోతుంది. మాకైతే నిర్గమకాండము 16వ అధ్యాయము ఎక్కువ వెలుగు ఇస్తున్నది. అక్కడ ఒకే మన్నా మూడు విధములుగా దాచబడినది. రేపటికి ఉండునో ఉండదో అని మాట వినక దాచుకొన్నది పురుగుపట్టి కంపుకొట్టినది. విశ్రాంతిదినము కొరకు ముందురోజు దాచినది చెడలేదు. ముందు తరములవారు చూచుటకు ఒక ఓమెరు పాత్రలో పెట్టి ఉంచమని దేవుడే ఆజ్ఞాపించాడు. మన్నాలో తేడా లేదు, ఎందుకు దాచారన్న దానిలోనే తేడా ఉన్నది. మూడవ దానిని మరింత జాగ్రత్తగా చూడండి. జ్ఞాపకార్థము దాచినది ఒక్క ఓమెరు. బండెడు కాదు. ఒక మనిషికి ఒక్క దినమునకు సరిపోయే కొలత.

ఇప్పుడు ఆ ధనవంతుని దగ్గరకు మరల వెళ్లండి. బడిపిల్లలకు చెప్పినట్లు చెబుతాము, అతడు మాట్లాడిన నాలుగు వాక్యములలో "నా" అనే మాట ఎన్నిసార్లు వచ్చినదో వేళ్లు మడిచి లెక్కపెట్టండి. పంట పండుట అతని తప్పు కాదు. కొట్లు కట్టుట కూడ తప్పు కాదు, యోసేపూ కట్టించాడు. యోసేపు కొట్లకు తలుపులు తెరిచే దినమొకటి ముందుగానే నిర్ణయమై ఉన్నది. ఈయన కొట్లకు మూసే దినమే గాని తెరిచే దినము లేదు.

మన స్త్రీల సమాజములవారు దీనిని ఏ వ్యాఖ్యానమూ చదువకుండానే ఎరిగి ఉన్నారు. వంటకు బియ్యము కొలిచేటప్పుడు పిడికెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారము గుడికి తెచ్చే ఆచారము మనది. అదీ దాచుటే. అయితే ఆ కుండకు ఆదివారము ఉన్నది. మన అటకకు లేదు.

ఈ నల్లరేగడి నేలలలో జొన్నలు పాతరలో దాచేవారు. పెద్దలకు తెలుసు, పాతర తెరిచిన వెంటనే ఎవరూ లోపలికి దిగరు. లోపలి గాలి విషము, మనుష్యులు చనిపోయిన సందర్భాలున్నవి. మూత తీసి కొంతసేపు విడిచిపెట్టి, దీపము దించి చూసి, అది ఆరకుండా వెలిగితేనే దిగేవారు. ఒకసారి తెరిస్తే తేమ తగులుతుంది గనుక ధాన్యమంతా తీసివేయవలసిందే. మంచి జొన్నలే గదా, ఆ గాలి ఎక్కడినుండి వచ్చినది? మూసి ఉంచిన చోట దానంతట అదే పుడుతుంది.

మన అటకలలో ఉన్నది ధాన్యము కూడ కాదు, ఎక్కువ భాగము ప్లాస్టిక్కు. దానిని గురించి ఎక్కువ వ్రాయము. పెరటిలో నీళ్లు నిలిచిన పాత టైరు, పగిలిన బకెట్టు డెంగ్యూ దోమకు పురిటిల్లు అని, మన చెత్తకు ప్రక్కింటి బిడ్డ జ్వరపడుతుందని మాత్రము గుర్తుచేస్తాము. ఆ రెండింటినీ ఈ రోజే గుజరీకి వేయవచ్చు, దానికి ప్రార్థనకూడిక అక్కరలేదు.

కష్టమైనవి వేరే ఉన్నవి. పెండ్లికి వచ్చిన స్టీలు గిన్నెలమీద ఇచ్చినవారి పేరు చెక్కి ఉంటుంది. ఇరవై టిఫిను డబ్బాలున్నా ఒకటి ఇంకొకరికి ఇవ్వలేరు, మేనమామ పేరు చూసి ఎవరేమనుకుంటారో అని. పేరు చెక్కినప్పుడే ఆ వస్తువుకు సంకెల పడినది. ఇకముందైనా ఖాళీ గిన్నె ఇచ్చి, పేరును ప్రార్థనలో చెప్పుకుంటే చాలదా?

అంతకంటె కష్టమైనది చనిపోయినవారి సామాను. భర్త చొక్కాలు బీరువాలో అలాగే ఉంచుకొన్న సహోదరి ఇంటికి వెళ్లి, వస్తువుల మీద మనసు పెట్టకూడదని వాక్యము చెప్పేవారున్నారు. వారి నోటికి కొంచెము విశ్రాంతి అవసరము. పౌలంతటివాడు చెరలో ఉండి, త్రోయలో కర్పు అనే వాని ఇంట విడిచిన అంగీని, పుస్తకములను, ముఖ్యముగా చర్మపు కాగితములను తెమ్మని తిమోతికి వ్రాశాడు. మరణము దగ్గరపడినదని వ్రాసిన పత్రికలోనే అంగీ సంగతి కూడ ఉన్నది. వస్తువుమీద ప్రేమ శరీరమున్నంతకాలము ఉంటుంది. అయితే పౌలు అడిగినవి లెక్కకు కొద్ది. అవి ఎవరి ఇంట ఉన్నవో ఆయనకు తెలుసు. మన ఇండ్లలో తండ్రిగారి బైబిలు ఏ మూట అడుగున ఉన్నదో తెలియదు. అన్నిటినీ దాచితే అందులో ప్రియమైనది పోగొట్టుకొన్నట్లే.

కొందరి విషయములో ఇది అలవాటు దాటిపోయి వ్యాధి అవుతుంది. అమెరికా మానసిక వైద్యుల సంఘము 2013లో దీనిని ప్రత్యేకమైన రుగ్మతగా గుర్తించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో కూడ ఇప్పుడు ఉన్నది. 1947లో న్యూయార్కు నగరములో కాలియర్ అనే ఇద్దరు సహోదరులు తమ ఇంటి సామాను మధ్యనే చనిపోయి కనబడ్డారు. అన్నకు చూపు పోయినది. చూపు వచ్చినప్పుడు చదువుకుంటాడని తమ్ముడు ఏండ్ల తరబడి వార్తాపత్రికలు దాచిపెట్టాడు. చివరికి అన్నకు భోజనము తీసుకొనిపోతుండగా ఆ కట్టలే అతనిమీద పడినవి. కదలలేని అన్న ఆకలితో పోయాడు. నూరు టన్నులకు పైగా సామాను ఆ ఇంటినుండి తీశారు. ఆ కట్టలలో ఉన్నది దురాశ అని ఎవరనగలరు? ఇటువంటివారు మన సంఘములోనూ ఉండవచ్చు. వారు ఊరికి వెళ్లినప్పుడు కొడుకులు, కోడండ్లు చాటుగా సామాను పారవేస్తే వారి నమ్మకము పోతుంది, సామాను తిరిగి చేరుతుంది. ప్రక్కన కూర్చొని, ఒక్కొక్క వస్తువు వారి చేతిలో పెట్టి, వారి చేతనే నిర్ణయింపజేయాలి. డాక్టరును చూపించుటలో సిగ్గు లేదు.

ఇక్కడ మన సంఘములలో నలుగుతున్న ఒక సంగతి చెప్పక తప్పదు. పారవేయుటకు మనసు రాని వస్తువును బీదలకు ఇచ్చి చేతులు దులుపుకొనుట. క్రిస్మసుకు ముందు గుడిలో పాత బట్టల పెట్టె పెడితే వచ్చేవాటిలో గుండీలు లేనివి, చంక చిరిగినవి, జిప్పు పోయినవి ఎన్నో. 2004 డిసెంబరు సునామీ తరువాత తమిళనాడు తీరమునకు దేశమంతటినుండి వచ్చిన బట్టలు, కట్టుకొనే వీలులేనివి, రోడ్ల ప్రక్క గుట్టలుగా పడి ఉన్నవి. ఢిల్లీకి చెందిన గూంజ్ సంస్థవారు వాటిని ఏరి, వేరు వేరు పనులకు ఉపయోగించవలసి వచ్చినది. సర్వమూ పోగొట్టుకొన్న జాలరివాడు మన చెత్తబుట్ట కూడ మోయాలా? "ఏమీ లేనివారికి ఏదైనా మేలే గదా" అనే పెద్దలు మనలో ఉన్నారు. మేము వారితో ఏకీభవించలేము. ఒకప్పుడు మన పితరులే ఆ వరుసలో నిలుచున్నారు. చేతికి వచ్చినది గుడ్డయో, పీలికయో వారికి తెలియకపోలేదు. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె వీధిలోకి వస్తుంది. చిరిగినది ఆమెకు వేయండి, ఆమె వ్యాపారము ఆమెకున్నది. పెట్టెలోకి మాత్రము మన బిడ్డకు తొడిగే బట్టయే రావాలి.

ఇండ్ల సంగతి ఇట్లుండగా గుడి వెనుక కొట్టుగది మాటేమిటి? బెల్లోస్ చినిగిన హార్మోనియము, వెదురు నక్షత్రపు చట్రములు, వి.బి.ఎస్. చార్టులు, అట్టలు ఊడిన కీర్తనల పుస్తకములు. వీటి క్రింద బాప్తిస్మపు రిజిస్టరు, పెండ్లి రిజిస్టరు ఉంటే వాటిని చెదలు తింటున్నది. నక్షత్రపు చట్రము పోతే మరియొకటి కట్టుకోవచ్చు. 1872 నాటి చట్టము ప్రకారము వ్రాసిన పెండ్లి నమోదు పోతే, పింఛనుకో, పాస్‌పోర్టుకో తిరిగే వితంతువుకు ఎవరు జవాబు చెబుతారు? రిజిస్టర్లను ముందు ఇనుప బీరువాలో పెట్టి, పుటలన్నిటికీ ఫోటో తీయించి ఒక ప్రతి వేరొక చోట ఉంచాలి. మిగిలినది తరువాత చూసుకోవచ్చు.

చినిగిన బైబిళ్ల విషయములో మాత్రము మేము తేల్చుకోలేకపోయాము. కాల్చుటకు చేయి రాదు, గుజరీకి వేస్తే పొట్లాలు కడతారు. యూదులు దేవుని నామము వ్రాసిన కాగితము పారవేయరు. కైరో నగరములో బెన్ ఎజ్రా సమాజమందిరపు గదిలో అట్లు వందల సంవత్సరాలు వేసినవి పేరుకున్నవి. 1896, 1897 సంవత్సరములలో షెక్టర్ పండితుడు వాటినుండి దాదాపు 1,90,000 ముక్కలను కేంబ్రిడ్జికి తీసుకొనిపోయాడు. అందులో లేఖనములే గాక, మన మలబారు తీరముతో వ్యాపారము చేసిన వర్తకుల ఉత్తరములు కూడ దొరికినవి. ఎవరైనా శుభ్రతాభిమాని ఆ గదిని ఊడ్చి ఉంటే ఆ చరిత్ర లేదు. దీనిని చూపించి అటకను సమర్థించుకొనేవారు, వెయ్యి అటకలలో ఎన్ని కైరో గదులో కూడ చెప్పాలి.

మాకు తోచినది ఇది. వ్రాతపూర్వకముగా పేర్లు, పుట్టుక తేదీలు, మరణ తేదీలు ఉన్న కుటుంబపు బైబిళ్లను ఇంటివారికి తిరిగి ఇవ్వవచ్చు. మిగిలినవాటిని మన సమాధుల తోటలో గౌరవముగా పూడ్చవచ్చు. కొందరు డీకన్లు ఇది విగ్రహారాధన వాసన కొడుతున్నదని అంటున్నారు, కాగితము కాగితమే గదా అని. వారి మాటలోనూ బలమున్నది. వచ్చే అసోసియేషను కూడికకు ముందుగా సంఘములు ఈ విషయము మాట్లాడుకొని, తమ అభిప్రాయమును కార్యదర్శికి వ్రాసి పంపవలెనని కోరుచున్నాము. అంతవరకు ఆ బైబిళ్లు ఉన్నచోటనే ఉంటవి, క్రింద చెదలమందు చల్లించి.